ఇంకాస్త కింద

రత్నాకర్ ఆ మధ్యాహ్నం టేపు ముక్కని మళ్లీ ఊడదీశాడు.

ఆబిడ్స్‌లో ఓ పాత బిల్డింగు, పై అంతస్తు. కంపెనీ డబ్బుతో షేర్లు కొని అమ్మే గది అది. అక్కడ అజీజ్ ఉస్తాద్ పెట్టిన పద్ధతి ఒకటుంది. షేరు కొనేముందే స్క్రీను అంచున చిన్న టేపు ముక్క అంటించాలి. ధర అక్కడిదాకా దిగిందంటే మారుమాట లేకుండా అమ్మేసి బయటపడాలి. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠం ఇదే.

రత్నాకర్ అంతకుముందే వీడియోలు చూసి తనకు తానే పాఠాలు చెప్పుకున్న మనిషి. అంచేత ఆ క్లాసులో గురువూ మొద్దే, శిష్యుడూ మొద్దే. ధర వచ్చి టేపుని తాకితే అతనికి ధర మీద కాదు, టేపు మీద అనుమానం వచ్చేది. ఊడదీసి ఇంకాస్త కింద అంటించేవాడు. పొద్దుట్నుంచీ అదే పని.

"దానికో లిఫ్టు పెట్టించరాదూ," అన్నాడు పక్కసీటు ఫణీంద్ర.

టేపు స్క్రీను అడుగంచుకి చేరింది. ధర ఇంకొంచెం దిగితే కంపెనీ అతని లాగిన్ మూసేస్తుంది. ఉద్యోగం అంతటితో సరి.

"ఉస్తాద్, ఇది తిరిగి లేస్తుంది. నాకు తెలుసు," అన్నాడు రత్నాకర్. "ఎంతదాకా ఆగొచ్చో చెప్పండి, చాలు."

ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాపాడు. "నీ టేపు ఇటివ్వు బేటా. ఆ మూల సీటు చూసిరా. ఎంతదాకా ఆగొచ్చో అదే చెబుతుంది."

మూల సీట్లో ఎవరూ కూర్చోరు. అక్కడికి ఏసీ తగలదని చెప్పేవాళ్లు. రత్నాకర్ వెళ్లి నిలబడేసరికి చేతులు జిల్లుమన్నాయి.

స్క్రీను అంచున పాత టేపు ముక్కలు, ఒకదాని కింద ఒకటి. అడుగంచుతో ఆగలేదు. స్టాండు మీద ఒకటి. టేబుల్ అంచున ఒకటి. టేబుల్ కాలికి వరసగా. తర్వాత నేల మీద, గోడవారన, తలుపుదాకా.

అతనికి నవ్వొచ్చింది. తనకంటే మొండివాడు ఒకడున్నాడన్నమాట. కాస్త అసూయ కూడా వేసింది.

వాటి వెంటే మెట్లు దిగాడు. ప్రతి మలుపులోనూ గోడకో ముక్క. పైవి పసుపెక్కి, పెళుసుబారి ఉన్నాయి. దిగేకొద్దీ తెల్లబడుతున్నాయి.

వాచ్‌మన్ స్టూలు దగ్గర మెట్లు అయిపోవాలి. రోజూ ఎక్కే మెట్లే. అయిపోలేదు. స్టూలు వెనకనుంచి ఇంకో వరస కిందికి పోతోంది. ఆ బిల్డింగుకి సెల్లారు లేదు. బండి పెట్టుకునే చోటు లేదని ఓనరుతో గొడవపడేది తనే.

మొదటి మెట్టు దగ్గర గోడకున్న ముక్కని తాకాడు. కొత్తది. వేలికి అంటుకుంది. కింద చీకట్లో టేపు చర్రున చింపిన చప్పుడైంది. తర్వాత ఓ గొంతు, ఎవరికో కాదు, తనకి తనే నచ్చజెప్పుకుంటున్నట్టు:

"ఇంకాస్తే."

రత్నాకర్ ఎలా పైకొచ్చాడో అతనికే తెలీదు. ఉస్తాద్ టీ ఇంకా చల్లారలేదు.

"ఆ సీటతను ఏమయ్యాడు ఉస్తాద్?"

"దిగుతున్నాడు," అన్నాడు ఉస్తాద్, టేపు ముక్క తిరిగి ఇస్తూ. "అతని షేరు ఎప్పుడో లేచింది. చెబుదామంటే మనిషి అందట్లేదు."

రత్నాకర్ కూర్చుని అమ్మేశాడు. నష్టానికే. లాగిన్ మిగిలింది.

మర్నాడు పొద్దున్నే రత్నాకర్ అమ్మిన షేరు లేచింది.

"ఒక్కరోజు ఓపిక పట్టాల్సింది గురూ," అన్నాడు ఫణీంద్ర.

రత్నాకర్ వంగి తన టేబుల్ కాలిని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకున్నాడు.

నున్నగానే ఉంది.