బొంతల ఓబులక్క అడిగిన గుడ్డ

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలం.

రాళ్ళగుట్ట కింద ఒక ఊరు. ఊరి చివర ఒక కొట్టం. ఆ కొట్టంలో ఓబులక్క అని ఒక ముసలామె. ఆమెకు ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. పాత చీరలు, పాత పంచెలు తెచ్చిస్తే బొంతలు కుట్టేది. ఇన్ని జొన్నలు పెడితే తీసుకునేది.

అదే ఊళ్ళో తిప్పక్క అని పద్నాలుగేండ్ల పిల్ల. తల్లి పోయి ఏడాది. ఇంట్లో నాయన నాగన్న, అవ్వ, ఆరేండ్ల తమ్ముడు. నాగన్న గుట్ట మీద రాళ్ళు కొట్టేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అరిచేవాడు. "నీళ్ళు పట్టలేదా? పొయ్యి ముట్టించలేదా? పొద్దంతా ఏం చేస్తాండావు?" తిప్పక్క గిన్నె విసిరేది. అవ్వ గొణిగేది. తమ్ముడు మూలకు పోయి కూచునేవాడు.

ఒక పొద్దున తిప్పక్క గిన్నెతో పాటు మాట కూడా విసిరింది.

"అమ్మ బదులు నువ్వు పోయింటే బాగుండు!"

నాగన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి అట్లే దించుకుని, సంగటి ముట్టకుండా గుట్టకు వెళ్ళిపోయాడు.

తిప్పక్క నేరుగా ఓబులక్క కొట్టానికి వచ్చింది.

"అవ్వా, నాకొక బొంత గావాల. మూడు దినాలకు ఉప్పు బండ్లొస్తాయి. వాటెంట పోతా. మళ్ళీ రాను."

ఓబులక్క పోవద్దనలేదు. "పో మరి. కానీ బొంతకు గుడ్డ గావాల గదా. మీ ఇంట్లో దినానికొకరి గుడ్డ తే. ఊరికే తేగూడదు. 'నీకేం గావాల?' అని అడగాల. చెప్పేది వినాల. ఎదురు చెప్పగూడదు. అప్పుడే నా సూది దిగుతాది."

మొదటి దినం ఇంట్లో అవ్వ దగ్గరికి పోయింది. అడిగింది. వినింది.

"నాకేం గావాలే పాపా," అంది అవ్వ. "పళ్ళు లేవు. మీతో పాటు గబగబా తినలేను. నేను తినేదాకా ఎవరన్నా పక్కన కూచోవాల. ఒక్కదాన్నే అయితే ముద్ద దిగదు."

'నాకు పనుల్లేవా?' అనే మాట తిప్పక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అవ్వ చీర కొంగు ముక్క తీసుకుంది.

రెండో దినం తమ్ముడు. అడిగింది. వినింది.

"అమ్మ మాట ఎత్తితే మీరంతా గమ్మునుంటారు," అన్నాడు వాడు. "నాకు అమ్మ మొకం మరిచిపోతాంది అక్కా. ఎట్లుండేదో చెప్పు."

తిప్పక్క వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, "ఇదిగో, ఈ గడ్డం అమ్మదే," అని వాడి గడ్డం పట్టుకుంది. చిరిగిన అంగీ ముక్క తీసుకుంది.

మూడో దినం గుట్ట ఎక్కింది. నాగన్న బండ నీడన కూచుని వాచిన వేళ్ళు ఊదుకుంటున్నాడు.

"నాయనా, నీ తలగుడ్డ కొస గావాల. దానికి ముందు, నీకేం గావాలో చెప్పు."

నాగన్న సుత్తి కింద పెట్టాడు.

"నేను ఇల్లు చేరితే మీ అమ్మ 'అలిసినావా?' అనేది. ఆ ఒక్క మాట గావాల పాపా. అది లేక అరుస్తాండా. అరిచినాక నాకే సిగ్గయితాది." తిరిగి ఆమెను అడిగాడు. "నీకేం గావాల?"

ఆ మాట ఆ పిల్లను ఏడాదిగా ఎవరూ అడగలేదు. చెప్పబోయి బావురుమంది.

"అమ్మ పనులన్నీ చేస్తాండా నాయనా. అమ్మను మాత్రం గాలేకపోతాండా. నాక్కూడా అమ్మ గావాల. ఆ పొద్దు ఆ మాట అనకుంటే..."

"ఇడిసిపెట్టు తల్లీ," అని నాగన్న తలగుడ్డ విప్పి ఆమె కండ్లు తుడిచాడు. అదే గుడ్డ కొస చింపి ఇచ్చాడు.

ఇద్దరూ గుట్ట మీదే ఉండగా ఉప్పు బండ్లు కింద ఊరు దాటిపోయాయి.

తిప్పక్క మూడు గుడ్డలూ ఓబులక్కకు ఇచ్చింది. ఆ కొట్టాన్ని ఒకసారి కలయజూసి అడిగింది. "అవ్వా, నీకేం గావాల?"

ఓబులక్క సూది ఆగిపోయింది.

"నీ ఈడులో నేనూ మా వాళ్ళ మీద అలిగి బండ్లెంట వచ్చేసినా. అలక తీరి తిరిగి పోతే మొండి గోడలే మిగిలుండె. గత్తర రోగమొచ్చి అందరూ పోయినారంట. ఊరందరికీ బొంతలు కుట్టినా పాపా. నా బొంతలో వేసుకోడానికి నావాళ్ళ గుడ్డ ఒక్కటీ లేదు."

తిప్పక్క తన ఓణీ చెంగు చింపి ముసలామె చేతిలో పెట్టింది.

అటు తర్వాత ఇంట్లో పోట్లాడిన పిల్లలెవరైనా ఆ కొట్టానికే వచ్చేవాళ్ళు. అందరికీ ఆమె ఒకటే మాట చెప్పేది. అడగాల. వినాల. ఎదురు చెప్పగూడదు.

ఓబులక్క కన్నుమూసిన దినం ఇంటికొక గుడ్డ వచ్చింది. తిప్పక్క కూచుని అన్నీ కలిపి కుట్టింది. ఆ బొంత కప్పి ఆమెను మట్టిలో పెట్టారు.

ఆ గుట్ట కింది ఊళ్ళలో పిల్లలకు పద్నాలుగేండ్లు నిండితే నేటికీ బొంత కుడతారు. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ గుడ్డ ఇస్తూ తమకేం కావాలో చెబుతారు. చివరన పిల్లల వంతు. వాళ్ళు చెప్పేటప్పుడు పెద్దలు ఎదురు చెప్పగూడదు.

ఎవరన్నా అలిగి ఇల్లు వదిలి పోతుంటే, ఎక్కడికని అడగరు. "గుడ్డ తెచ్చుకున్నావా?" అంటారు. ఆ మాటకు నూటికి తొంభైమంది వెనక్కి తిరిగి పోతారు, గుడ్డ అడగడానికి.