ఆశుహాస్యం ఎవరి దగ్గర నేర్చుకోవాలి

నూకరాజు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకని ఆయన దగ్గర చాలాకాలంగా ఉన్నవాళ్ళం ప్రశ్నలు తగ్గించుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. వకుళగారికీ తెలియదు.

మాస్టారు వయసులో ఉండగా బుర్రకథ దళంలో హాస్యపు వంత. నడుమ కథకుడు తంబూరా పట్టుకుని కథ నడుపుతుంటే, పక్కన గుమ్మెట వాయిస్తూ అడ్డుప్రశ్నలు వేసి జనాన్ని నవ్వించేవారన్నమాట. కథకుడికి పాట రాసి ఉంటుంది. వంత నోట్లోంచి వచ్చేది చాలావరకు అప్పటికప్పుడు పుట్టిందే. బుర్రకథలు వినేవాళ్ళు తగ్గిపోయాక మాస్టారు విశాఖపట్నంలో, అక్కయ్యపాలెంలో ఒక మేడగది తీసుకుని ఆ విద్యే నేర్పుతున్నారు. ఇప్పటి కుర్రకారు దాన్ని ఇంప్రావ్ కామెడీ అంటారు. మాస్టారు ఆశువు అంటారు. పేరేదైనా పని ఒక్కటే. చేతిలో కాగితం లేకుండా పదిమంది ముందు నిలబడి, ఎదుటివాడు ఏమంటే దాన్నే పట్టుకుని నవ్వు పుట్టించాలి.

వకుళగారు ఓడరేవు ఆఫీసులో ఉద్యోగం చేస్తారు. నలభై దాటిన మనిషి. నలుగురినీ నవ్వించాలన్న సరదాతో ఆమె రాలేదు. తండ్రి పెద్దకర్మనాడు, విస్తరి ముందు కూర్చున్న పెదనాన్న ఒకాయన, "ఆడపిల్లని అంతంత చదువులు చదివించి ఏం బావుకున్నట్టు?" అని వాళ్ళమ్మగారిని అందరి ముందూ అడిగాడట. తల్లి కూతురి వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది. జవాబు రాకపోలేదు. చుట్టాలందరూ వెళ్ళిపోయి, ఇంట్లో అంట్లు తోముకునే వేళకి వచ్చింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఎప్పటికైనా మాట వేళకి రావాలి, అదొక్కటే ఆమెకి కావలసింది.

దానికోసం కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగారు. ఒకచోట చెప్పేవాడు మరీ కుర్రాడని లేచి వచ్చేశారు. ఇంకోచోట మరీ గట్టిగా నవ్వుతున్నారని వచ్చేశారు. వేరొకచోట అసలు నవ్వు రావడంలేదని వచ్చేశారు. ఒకచోట కూర్చుంటే ఇంకోచోట బాగా చెబుతున్నారేమో అనిపించేది, అక్కడికి వెళితే మొదటిదే నయమనిపించేది. మా మేడగదికి వచ్చిన రోజున కూడా చెప్పులు గుమ్మం వైపు తిప్పి విడిచారు, పారిపోవడానికి వీలుగా.

పాఠం ముగిశాక ఆమె ఉండిపోయి అడిగారు. "మాస్టారూ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఎవరి దగ్గర మంచిదంటారు? మీ దగ్గరే అంటే ఇక్కడే చేరతాను. ఈసారి కూడా మధ్యలో వదిలేశానంటే ఇంక జన్మలో ఎవరి ముందూ నోరు తెరవను. నా సంగతి నాకు తెలుసు."

తన సరుకు బాగాలేదనే కొట్టువాడు ఉంటాడా? చేరమ్మా అంటారనే మేమనుకున్నాం.

"అన్ని చోట్లకీ వెళ్ళి ఎవరిని చూశావమ్మా?" అన్నారు మాస్టారు.

"పాఠం చెప్పేవాళ్ళని. అందరూ బాగానే చెబుతున్నారు. అదే వచ్చిన చిక్కు."

మాస్టారు గుమ్మం వైపు తిప్పి ఉన్న ఆమె చెప్పుల్ని చూశారు. "మా దళంలోకి కొత్త వంతని తీసుకునేటప్పుడు, ఏదీ మాట్లాడి చూపించు అనీవోళ్ళం కాదు. కథ మాంచి పట్టుమీద ఉండగా కథకుడు మరిచిపోయినట్టు ఆగిపోయీవోడు. అప్పుడు పక్కనున్నోడు ఏం చేస్తాడో అదే చూసీవోళ్ళం. నువ్వూ అంతే చెయ్యి. ఒక్కోచోటికీ వెళ్ళి అందరి ముందూ నిలబడు. నోరు మెదపకు. ఏటవుద్దో చూసి రా."

నోరు పెగలడంలేదని వచ్చిన మనిషికి నోరు మూసుకోమని మందు రాసిచ్చారు. వకుళగారికి కోపం వచ్చింది. ఆ కోపం ఆమె తర్వాత నాతో దాచుకోకుండా చెప్పారు. ముసలాయన తనని ఆటపట్టిస్తున్నాడనుకున్నారట. అయినా వెళ్ళారు. కాలు నిలవని మనిషి, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళకుండా ఉండలేరు కదా.

ముందు సిరిపురంలో కాఫీ హోటలు మేడమీద జరిగే క్లాసుకి వెళ్ళారు. ఊళ్ళో పేరున్న జట్టు అది. అక్కడివాళ్ళందరూ చురుకైనవాళ్ళు, నోట్లో మాట నానదు. ఎవరొస్తారు అని అడిగితే వకుళగారు లేచి నడుమకి వెళ్ళి నిలబడ్డారు. ఊరక నిలబడటం ఎంత బరువో ఆమెకి అప్పుడు తెలిసింది.

రెప్పపాటులో ఒక అబ్బాయి వచ్చి ఆమె చుట్టూ తిరిగి, "బీచ్ రోడ్డులో ఈ విగ్రహం ఎప్పుడు పెట్టార్రా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఒకమ్మాయి వచ్చి ఫొటోకి నిలబడింది. ఇంకొకరు కాకిలా వచ్చి భుజం దగ్గర వాలి రెక్కలు విదిలించారు. మరొకతను చేతిసంచీ తెచ్చి, "కాస్త పట్టుకోండి, ఇప్పుడే స్నానం చేసొస్తా" అని ఆమె మోచేతికి తగిలించి సముద్రంలోకి దూకాడు. హాస్యానికి వంక పెట్టడానికి లేదు. వకుళగారు కూడా నవ్వారు, నవ్వకపోతే బాగుండదని. పాఠం చెప్పేవాడు చప్పట్లు కొట్టి, ఆమె ఇచ్చినదాన్ని చక్కగా వాడుకున్నారని మెచ్చుకున్నాడు. అంతా అయ్యాక ఆ సంచీ అతను వచ్చి సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

అక్కడినుంచి బయటపడి, అసలు ఈ గోల ఇంతటితో ఆపేద్దామా అనుకుంటూ చాలాదూరం నడిచారట. ఆపేస్తే అమ్మ చూసిన ఆ చూపు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని మర్నాడు మర్రిపాలెం వెళ్ళారు.

మర్రిపాలెంలో ఒక కల్యాణమండపం వెనక భోజనాల షెడ్డు ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో ఒక స్కూలు టీచరమ్మ అక్కడ ఈ పాఠం చెబుతుంది. వకుళగారు ఇదివరకు ఒకసారి వెళ్ళి, పట్టుమని పది నిమిషాలు కూర్చోకుండా వచ్చేసిన చోటే. వాళ్ళలో ఒక్కరికీ సరిగ్గా నోరు తిరగదు. ప్లాస్టిక్ కుర్చీలు, సాంబారు వాసన, పైన చప్పుడు చేసే ఫ్యాను. ఇక్కడ ఏముందని ఆమెకి లోపల్లోపల చిరాకు. సరే, మాస్టారు చెప్పారు కనక వెళ్ళి నిలబడ్డారు.

ఎవరూ రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ ఏదో అనబోయి తమాయించుకుంది. నిమిషాలు గడుస్తున్నాయి. వకుళగారికి ఇంక కాళ్ళు ఆగడంలేదు, వెళ్ళిపోదామనే అనుకున్నారు. అప్పుడు కూర్మారావు అనే ఆయన లేచాడు. సిమెంటు కొట్టు ఉన్న మనిషి, ఎప్పుడు లేచినా కాళ్ళు వణుకుతాయని ఆయనే ముందు చెప్పేస్తాడట. ఆ వణికే కాళ్ళతోనే వచ్చి ఆమె పక్కన, కాస్త ఎడంగా నిలబడ్డాడు. ఆమె ఎటు చూస్తుంటే అటే చూశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఏమీ అనలేదు. ఇద్దరూ అలా నిలబడే ఉన్నారు. చాలాసేపటికి ఆయన మెడ తిప్పకుండా అడిగాడు.

"బస్సెళ్ళిపోనాదేటండీ?"

"వచ్చిందండీ. నేనే ఎక్కలేదు," అన్నారు వకుళగారు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి కాసేపటిదాకా నమ్మకం కుదరలేదట. నోరు మెదపవద్దన్న మాస్టారి మాట మరిచిపోయారు. కూర్మారావు తల ఊపి, "నానూ ఎక్కలేదండి" అన్నాడు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. వాళ్ళిద్దరూ మాత్రం ఒకరినొకరు చూసుకుని నవ్వారు, మొదట కొంచెం, తర్వాత ఆపుకోలేనంత.

మరి ఆమె అక్కడే చేరిపోవచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అన్నాను. కాని అనుమానపు పురుగు అంత తేలిగ్గా చావదు. అది గాలివాటంగా తగిలిన మాటేమో, ఆ చెమటల మనిషి దగ్గర ఏం నేర్చుకుంటాను, మాస్టారిలాంటి చేయి తిరిగిన విద్వాంసుణ్ణి వదిలేసి సిమెంటు కొట్టాయనతో నిలబడతానా అని ఆమెకి మళ్ళీ నిద్రపట్టలేదు. పైగా ఇంకో చోటు మిగిలిపోయింది. ఆ చోటు మాదే.

మళ్ళీ పాఠం రోజున వచ్చి, మాస్టారికి ముందుగా చెప్పకుండా, మా అందరి ముందుకీ వెళ్ళి నిలబడ్డారు. నోరు మెదపలేదు.

మాలో ఒక్కరమూ కదల్లేదు. ఆమె వైపు కూడా చూడలేదు. మేమందరం మాస్టారి మొహం వైపు చూశాం. ఏళ్ళ తరబడి ఆయన దగ్గర నేర్చుకున్నది అదే. తడబడితే మాస్టారు ఉన్నారు.

మాస్టారు కూర్చున్నచోట కదిలారు. ఒకసారి పెదవి కరుచుకున్నారు కూడా, నేను చూశాను. ఇంతలో లేవనే లేచారు. ఇంత వయసులో ఎలా వచ్చిందో ఆ చురుకు, భుజం మీద నిచ్చెన ఉన్నట్టు నడుచుకుంటూ వచ్చి, "ఏటమ్మా, ఈ స్తంభానికి కరెంటు ఎప్పుడు పోనాది?" అన్నారు. నిచ్చెన దించారు. ఎక్కారు. తీగ పట్టుకుని షాకు కొట్టించుకున్నారు. కిందనున్న హెల్పరుని తిట్టారు, ఆ హెల్పరు తనే అయి తిరిగి తిట్టారు. స్తంభం మీదనుంచి ఇంటింటి గుట్టూ చూసి చెప్పారు. మేం నవ్వలేక చచ్చాం. పొట్టలు పట్టుకుని కింద కూర్చున్నవాళ్ళున్నారు. ఆయన అంత బాగా చేయడం నేను ఎన్నడూ చూడలేదు.

నిచ్చెన దిగి, స్విచ్చి వేసినట్టు చేయి ఎత్తి, ఆమె మొహంలోకి చూసి ఆగిపోయారు. వకుళగారు నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో అనాలని నోరు తెరిచి ఉన్నారు. ఎప్పుడు తెరిచారో ఏమో, ఎవరమూ ఆమెకి మాట్లాడే ఖాళీ ఇవ్వలేదు. మా నవ్వు ఇంకా ఆగలేదు.

ఎత్తిన చేయి మాస్టారు మెల్లిగా దించుకున్నారు.

అందరూ వెళ్ళాక చాపలు చుట్టడానికి నేను ఉండిపోయాను. వకుళగారు సిరిపురం సంగతీ మర్రిపాలెం సంగతీ మాస్టారికి పూసగుచ్చినట్టు చెప్పారు. సిరిపురం విగ్రహం ముచ్చటకి ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు. కూర్మారావు దగ్గరికి వచ్చేసరికి తల ఊపడం మానేశారు.

"పక్కకొచ్చి ఊరికే నిలబడ్డాడా?"

"అవునండీ."

"చాలాసేపు?"

"చాలాసేపండీ. పాపం కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి."

"నాకు ఒణుకు పోయి శానా ఏళ్ళైపోనాదమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాట గొప్పగా అనలేదు. పోగొట్టుకున్న వస్తువు గురించి చెప్పినట్టు అన్నారు. ఆ ముసలాయన మీద నాకు అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

వకుళగారు ఇంకా తేల్చుకోలేక, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. "మరి నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు మాస్టారూ. ఎక్కడ చేరమంటారు?"

మాస్టారు లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆ మర్రిపాలెం వోళ్ళు ముసలోళ్ళని కూడా చేర్చుకుంటారేమో కనుక్కోమ్మా," అన్నారు.