ఐదు వంపుల ఊసులమ్మ తల్లి

తారురోడ్డు సరుగుడు తోటల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి భక్తులు చెప్పులు చేత పట్టుకొని ఇసుకలో నడవవలసి ఉంటుంది. తోట దాటేసరికి సముద్రతీరం కొడవలి మాదిరి ఐదు చోట్ల లోపలికి వంగి కనిపిస్తుంది. అందుచేత ఈ ప్రాంతానికి ఐదు వంపులు అని పేరు. ఒక్కో వంపులో ఒక్కో జాలరిపల్లె ఉన్నది. మూడో వంపుకూ నాలుగో వంపుకూ నడుమ సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిమొన మీద శ్రీ ఊసులమ్మ తల్లి కొలువై ఉన్నది.

ఇక్కడ గోపురం లేదు. రేకుల పందిరి కింద నడుమెత్తు నల్లరాయి, దానికి పసుపు, కుంకుమ, వెండి కళ్ళు. ఇరువైపులా రెండు పెద్ద శంఖాలను చెవులుగా అమర్చారు. నోరు మాత్రం లేదు. కొత్తగా వచ్చినవారు శిల్పి మరిచిపోయాడనుకుంటారు. మరిచిపోలేదు. ఈ తల్లి అడిగేది ఒక్క ప్రశ్న, అది ఆమె తరఫున పూజారిణి అడుగుతుంది. మిగిలినదంతా వినడమే అమ్మవారి పని.

వేట ముగించి వచ్చే ప్రతి పడవా, ఏ వంపుదైనా సరే, ఇల్లు చేరకముందు ఈ మొన దగ్గర ఆగాలి. పూజారిణి ఒడ్డున నిలబడి, "నీళ్ళెలాగున్నాయి?" అని అడుగుతుంది. పడవవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పాలి. దానిని ఊసు చెప్పడం అంటారు. చెప్పిన ఊసును సాయంత్రం మైకులో ఐదు పల్లెలకూ వినిపిస్తారు. ఈ పుస్తకం కోసం మేము వెళ్ళిన రోజున వినిపించిన ఊసు ఇది:

"మొదటి వంపులో నీళ్ళు మురికిగున్నాయి, వల ఏస్తే నాచే వొస్తంది. రెండో వంపు ముందర ఇసక మేటేసింది, పోటు మీద తప్ప పడవ దాటదు. మూడో వంపు మొన కాడ నీళ్ళు దచ్చినానికి గట్టిగా లాగుతన్నాయి, ఒంటిగా ఎవులూ ఎల్లకండి. నాలుగో వంపంతా జెల్లిసేపలే, వల దులిపినోళ్ళకి సేతులు మండిపోతన్నాయి."

ఐదో వంపు ఊసు కూడా విన్నాము. అది చివర చెప్పవలసిన మాట కనుక చివరే చెబుతాము.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, ఊసూ లేదు. ఉన్నదల్లా దాపరికమే. చేప దొరికిన తావును నోటితో పలికితే దిష్టి తగిలి మంద చెదిరిపోతుందని ఈ తీరం నమ్మేది. అందుచేత వేట ఎలా ఉందని ఎవరడిగినా, పడవ మునిగేటంత చేప ఉన్నా సరే, "ఉప్పు నీళ్ళే" అని చెప్పి సాగిపోవడం ఆనాటి మర్యాద. అడిగినవాడు తప్పు పట్టేవాడు కాదు. రేపు తనూ అదే చెబుతాడు. తాతలనాటి అబద్ధానికి పాపం అంటదని అందరూ ధీమాగా ఉండేవారు.

ఆ రోజుల్లో మొదటి వంపులో మసేనయ్య అనే జాలరి ఉండేవాడు. తెప్ప మీద వేటకు పోవడంలో చెయ్యి తిరిగినవాడు, మాట తక్కువ మనిషి. అతనికి ఒక్కతే కూతురు, దానమ్మ. ఆమెను ఐదో వంపులో ఎల్లన్న అనే కుర్రవాడికిచ్చి చేశాడు. ఒక మనవరాలు పుట్టింది. ఎల్లన్న అంటే మసేనయ్యకు ప్రాణం. కొడుకులు లేని ఇంట అల్లుడే కొడుకయ్యాడు. తెడ్డు పట్టే తీరు చూసి, ఈ కుర్రాడు నా చేతి మీద పెరిగినట్టే ఉన్నాడని లోలోపల మురిసిపోయేవాడు.

ఒక ఏడాది సముద్రం ఎండిపోయింది. నీళ్ళకేమీ లోటు లేదు, చేపే లేదు. ఐదు వంపుల్లోనూ వలలు ఖాళీగా వచ్చేవి. ఆడవాళ్ళు గంపలు బోర్లించి వాటి మీదే కూర్చునేవారు. తమలపాకంత చేపకు కూడా అన్నదమ్ములు తగువులాడుకున్నారు. అంబలి పలచనై, చివరకు అంబలి పేరుతో ఉప్పునీళ్ళే మరిగాయి. మసేనయ్య మొక్కని దేవత లేదు. ఏ దేవతా పలకలేదు.

అలాంటి రోజుల్లో ఒక వేకువ మసేనయ్య తెప్ప వేసుకొని రాతిమొన దాటాడు. మొన వెనుక, ఒడ్డుకు పిలుపు దూరంలో, నీళ్ళు నల్లగా నలుగుతున్నాయి. వల వేశాడు. లాగలేకపోయాడు. కానాగంత చేపలు! తెప్ప మీదే కూలబడి ఏడ్చాడు. ఎన్నాళ్ళ ఆకలి అది! ఏడుపు ఆగాక తూర్పువైపు చూశాడు. అక్కడ ఇంకొకటి కనిపించింది. గాలి ఆకు కదిలించేటంత కూడా లేదు, అయినా దూరాన్నుంచి అలలు బరువుగా, బద్ధకంగా, ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. లోపల ఎక్కడో గాలివాన లేచిందని దానర్థం. ఈ సంగతి అతనికి తెలియనిది కాదు. చేప మీద తడివల కప్పి వెంటనే తెప్పను ఇంటిదారి పట్టించాడు.

దారిలో ఐదో వంపు తెప్పలు ఎదురుపడ్డాయి. ముందు తెప్ప ఎల్లన్నది.

"ఏటి మావా, పొద్దుగాలే తిరిగొచ్చీసినావు? నీళ్ళెలాగున్నాయి?"

అల్లుడొక్కడే ఉంటే మసేనయ్య చెప్పేవాడేమో. కాని వెనుక మూడు తెప్పల మనుషులు చెవులు రిక్కించి ఉన్నారు. చెబితే అందరికీ చెప్పినట్టే. మంద చెదిరిపోతుంది, మళ్ళీ ఆకలి. నాలుక తనకు అలవాటైన దారినే నడిచింది.

"ఉప్పు నీళ్ళేరా అల్లుడా."

"దగ్గిర ఏటీ నేదా?"

"ఏటీ నేదు."

ఎల్లన్న చూపు ఒక్క క్షణం ఆ తడివల మీద నిలిచింది. నీళ్ళలోకి దిగబడిన తెప్పను కూడా చూశాడో, చూడలేదో. చూసినా, పిల్లనిచ్చిన మామను పదిమందిలో నిలదీసే అల్లుడు ఈ తీరంలో ఎవరూ ఉండరు.

"అయితే లోపలికెల్తాం మావా. ఇంటికాడ పొయ్యెలిగి శానా దినాలయింది" అని తెరచాప విప్పాడు.

అలల సంగతైనా చెప్పాలని మసేనయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోటిని మళ్ళీ మూసుకున్నాడు. అలలు చూసి తిరిగి వచ్చానంటే, వల కింద ఏముందని అడుగుతారు. అదీగాక, కొంచెం దూరం పోయి వాళ్ళే గ్రహించి మళ్ళుతారులే అనుకున్నాడు. మధ్యాహ్నం ఒక గంప చేప కూతురింటికి మోసుకుపోతే సరి, అల్లుడికి రహస్యంగా తావు చెబితే సరి అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. ఆ మనసు కూడా ఇట్టే ఒప్పుకుంది. ఆకలి మీదున్న మనసు దేనికైనా ఒప్పుకుంటుంది.

అన్నట్టుగానే అతడు గంప నిండా చేప ఎత్తుకొని తీరం వెంట ఐదో వంపుకు నడిచాడు. దానమ్మ బిడ్డను చంకనేసుకొని వాకిట్లో నిలబడి ఉంది. తండ్రి గంప దించగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"అయ్యా, ఇయ్యెక్కడివి?"

"ముందు పొయ్యెలిగించమ్మా. పిల్లకి పెట్టు."

"ఎక్కడ పడ్డాయయ్యా?"

"మొన కాడ."

"దగ్గిరే కదా?" అంది. ఆ తర్వాత మెల్లగా, "పొద్దున్న ఆళ్ళు నీకు ఎదురుపడనేదా?" అని అడిగింది.

మసేనయ్య నేల చూశాడు. అప్పుడే గుడిసె కప్పు మీద తాటాకు ఒకటి చప్పుడు చేసింది. మరొకటి చేసింది. చూస్తుండగానే తూర్పున ఆకాశం బొగ్గులా మారి, ఇసుక లేచి కళ్ళలో కొట్టింది. దానమ్మ బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టి, గంప ఎత్తుకొని పరుగెత్తి, రాతిమొన ఎక్కి, ఆ చేపనంతా సముద్రంలో కుమ్మరించింది. ఇవి తీసుకొని తన మనిషిని తిరిగి ఇమ్మని ఆమె సముద్రాన్ని అడిగిందట. సముద్రం చేపను తీసుకుంది.

నాలుగు తెప్పల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక తెడ్డు మాత్రం రెండో వంపులో ఒడ్డుకు కొట్టింది. అది ఎవరిదో పోల్చుకోవడానికి మసేనయ్యకు పట్టుకొని చూడవలసిన పని లేకపోయింది.

ఆనాటి నుంచి దానమ్మ రాతిమొన మీది నల్లరాయిని ఆనుకొని నిలబడేది. తిరిగివచ్చే ప్రతి తెప్పనూ, "నీళ్ళెలాగున్నాయి?" అని అడిగేది. మగవాళ్ళు అలవాటు కొద్దీ "ఉప్పు నీళ్ళే" అనేవారు. ఆమె మొలలోతు నీళ్ళలోకి దిగి, తెప్ప పట్టుకొని, వల ఎత్తి చూసేది. చేప ఉంటే చెప్పినవాడి ముఖంలోకి చూసేది, అంతే. తిట్టినా బాగుండేదని వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. పిచ్చిదన్నారు, తప్పుకొని తిరిగారు. ఆమె ఆకలితోనే నిలబడింది, చేప మాత్రం మళ్ళీ ముట్టలేదు.

మసేనయ్య వేట మానేశాడు. ఒక వేకువ అతనికి కల వచ్చింది. ఒక స్త్రీ సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. ముఖం కనబడలేదు, గొంతు మాత్రం అచ్చం దానమ్మదే. "నీళ్ళెలాగున్నాయి?" అని అడిగింది. కలలో కూడా అతని నాలుక, "ఉప్పు నీళ్ళే" అంది. మెలకువ వచ్చేసరికి నోటినిండా ఉప్పునీళ్ళు, దగ్గి దగ్గి కక్కుకున్నాడు. మళ్ళీ కళ్ళు మూతపడగానే మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి మసేనయ్య ఏడుస్తూ ఉన్నదంతా చెప్పాడు. చేప చెప్పాడు, అలలు చెప్పాడు, తెరిచి మూసుకున్న నోటి సంగతి చెప్పాడు.

అప్పుడామె, "మీరు దాచిన ఊసులన్నీ నా కడుపులోనే పడి ఉన్నాయిరా, బరువు మోయలేకపోతన్నాను. నా బిడ్డ ఆనుకున్న రాయే నేను. నాకు నోరెట్టకండి, మీ నోళ్ళు సాలు. సెవులెట్టండి. నాకు సెప్పినాక పెళ్ళాం బిడ్డలకి సెప్పండి" అని ఆనతిచ్చింది.

తెల్లవారి మసేనయ్య ఐదు వంపుల వాళ్ళనూ మొన దగ్గరకు పిలిచి, కూతురి ఎదుట, మిగిలిన ముగ్గురు విధవరాళ్ళ ఎదుట, రాయిని పట్టుకొని ఆ ఊసంతా చెప్పాడు. కొడతారనుకున్నాడు. కొట్టమని వీపు కూడా చూపించాడు. ఎవరి చెయ్యీ లేవలేదు. ఆ తీరంలో ఆ అబద్ధం ఆడని మగవాడు లేడు. ఆ రోజే రాయికి శంఖాల చెవులు పెట్టారు, ఊసు చెప్పడం ఆచారమైంది. మసేనయ్య మళ్ళీ తెప్ప ఎక్కాడు. బతికినన్నాళ్ళూ అందరికంటే ముందు మొన చేరి, అందరికంటే వివరంగా ఊసు చెప్పాడు.

దానమ్మ అతడిని కూడా అందరినీ అడిగినట్టే, "నీళ్ళెలాగున్నాయి?" అని అడిగేది. అయ్యా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఆఖరి ఘడియల్లో అతడు కూతురి చెయ్యి పట్టుకొని, ఒక్కసారి అయ్యా అనమ్మా అని అడిగాడట. అన్నదని కొందరు పెద్దలు చెబుతారు. మేము విచారించినంతలో, అనలేదు.

దానమ్మ సంతతిలోని ఆడపడుచులే నేటికీ పూజారిణులు. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది పైడమ్మగారు. ఇక్కడ నైవేద్యం అంబలి, ఉల్లిపాయ. చేప పెట్టరు. పిల్లలు అబద్ధాలాడుతున్నారని వచ్చే తల్లులు, మనసులో మాట చెప్పలేక కుమిలిపోయేవారు వెండి చెవులు సమర్పించుకుంటారు. ఊసు చెప్పి వెళ్ళినవారి గుండె బరువు తగ్గుతుందని నమ్మకం.

ఇక ఐదో వంపు ఊసు. అమ్మవారి ఎదుట ఎన్ని తరాలు గడిచినా "ఉప్పు నీళ్ళే" అన్న మాట ఎవరూ పలకలేదు. అది ఈ తీరంలో నిషిద్ధం. కాని కొన్నేళ్ళ కిందట ఐదో వంపు పడవ ఒకటి వచ్చి ఆగినప్పుడు, పైడమ్మగారు అడిగిన ప్రశ్నకు అందులోని నడివయసు జాలరి తల వంచుకొని, "ఉప్పు నీళ్ళే పిన్నీ" అన్నాడట. ఆమె వెంటనే నీళ్ళలోకి దిగింది. "ఎత్తి సూడు పిన్నీ" అని అతడే వల అంచు ఆమె చేతికిచ్చాడు. కింద ఏమీ లేదు. తడి చెక్క, ఒక చిరిగిన ప్లాస్టిక్ సంచి. నిజం కనుక ఊసును స్వీకరించక తప్పలేదు. ఆ సాయంత్రం మైకులో ఆ మాట చెప్పడానికి ఆమెకు గొంతు రాలేదు.

ఇప్పుడు గొంతు అలవాటు పడింది. పెద్ద మరపడవలు అడుగుతో సహా ఊడ్చుకుపోయిన తర్వాత ఈ వంపుల్లోకి మంద రావడం మానేసింది. కుర్రవాళ్ళు పడవలు ఒడ్డున బోర్లించి దూరపు రేవులకు కూలికి పోయారు. మేము వెళ్ళిన రోజున ఐదో వంపు ఊసు ఆ రెండు మాటలే. మిగిలిన వంపులకూ నాచు, మేట, జెల్లిచేప చెప్పిన తర్వాత ముగింపుగా ఆ రెండు మాటలే; పైన రాసినప్పుడు వాటిని విడిచిపెట్టాము.

ఈ స్థలపురాణం చదివినవారికి వలలు నిండుతాయని రాయడం వాడుక. అమ్మవారి ఎదుట రాస్తున్నది కనుక అలా రాయలేము. ఈ తల్లి ఊసు విని బయలుదేరినవాడు తెలిసి తెలిసి సుడిలోకి పోడు, అంతవరకు చెప్పగలము. పైడమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా పొద్దు వాలేవేళ నీళ్ళలోకి దిగి, వచ్చిన ప్రతి పడవలోనూ వల ఎత్తి చూస్తారు. ఇన్నేళ్ళలో ఆ వల కింద అబద్ధం ఒక్కటీ దొరకలేదు. ఒక్కడైనా నాతో అబద్ధమాడి ఉండాలి తల్లీ అని మొక్కుకుంటూ ఆమె ప్రతిసారీ వల ఎత్తుతారు.