ఎందుకు ఆగారు?

తుంటి ఎముక విరిగిన ముసలివాళ్లకు ఎంత త్వరగా ఆపరేషన్ చేస్తే అంత మంచిదని డాక్టర్ వకుళ నమ్మకం. ఆమె పరిశోధన కూడా దాని మీదే. ఆసుపత్రిలో పాత కేసులన్నీ తిరగేసింది. చేరగానే ఆపరేషన్ అయినవాళ్లలో చాలామంది బతికారు. ఆగినవాళ్లలో చాలామంది పోయారు. ఇక సందేహం ఏముంది?

ఆ ఉదయం ఎల్లమంద అనే ముసలాయన్ని స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా తెచ్చేసింది. మత్తు డాక్టర్ అడ్డం నిలబడ్డాడు.

"ఛాతీలో నెమ్ము చేరింది. రెండ్రోజులు మందులు పడనివ్వండి."

"రెండ్రోజులాగితే మనిషి దక్కడు!" వకుళ గొంతు లేచింది. "లెక్కలు తీసి చూపించమంటారా?"

ముసలాయన కూతురు గోడకు అతుక్కుపోయి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడే పరాంకుశం వచ్చాడు. ఆ విభాగానికి పెద్ద, వకుళకు కత్తి పట్టడం నేర్పినవాడు. జరిగింది విని, స్ట్రెచర్‌ని పక్కకు జరిపాడు.

"నాతో వార్డుకి రా."

"టైం లేదు సార్."

"అందుకే రమ్మంటున్నా."

వార్డులో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల మంచాలు చూపించాడు. "ఎందుకు ఆగారో అడుగు."

మొదటాయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఇది బలహీనంగా ఉందన్నారమ్మా." పక్కావిడకు షుగర్ దిగలేదు. ఆ పక్కావిడ ఆక్సిజన్ మాస్కులోంచి ఊపిరి లాగుతోంది. వకుళ ఆవిడను అడగలేదు.

మిగతా మంచాల వైపు చూసింది.

"పోయినవాళ్లు కూడా ఇలాగే... జబ్బుండే ఆగారు," అంది మెల్లగా.

పరాంకుశం తలూపాడు.

"త్వరగా చేయడం మంచిది కాదంటారా సార్?"

"మంచిదేనేమో. నీ లెక్క ఆ సంగతి చెప్పదు."

వకుళ మొహం కందిపోయింది. "అన్నీ కలిపి మళ్లీ చూస్తాను. వయసు, గుండె, ఊపిరితిత్తులు, షుగర్. ఆపరేషన్ తర్వాత వచ్చిన జ్వరం, వీపున పడ్డ పుండ్లు... ఏదీ వదలను!"

ఆయన ఆమెను మళ్లీ స్ట్రెచర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె చెయ్యి తీసి ముసలాయన నుదుటి మీద పెట్టాడు.

"చెప్పు. ఆపరేషన్ తర్వాత ఈయనకు జ్వరం వచ్చిందా?"

"ఇంకా ఆపరేషనే కాలేదు కదా సార్..."

అంటుండగానే తట్టింది: ఆపాలా వద్దా అని తేల్చేది ముందున్న జబ్బులే, తర్వాత వచ్చేవి ఆ లెక్కలో కలపకూడదు. చెయ్యి తీయలేదు.

కూతురు ముందుకొచ్చింది. "నాన్నకు ఇవాళ చేస్తారా, చేయరా? ఎవరో ఒకరు చెప్పండి సార్!"

పరాంకుశం వకుళ వైపు చూశాడు.

ఆమె ముసలాయన చెవి దగ్గరికి వంగింది. "తాతా, కింద పడకముందు సంగతి చెప్పు. నడిస్తే ఆయాసం వచ్చేదా?"

"నడకెక్కడిదమ్మా," ఎల్లమంద దగ్గాడు. "నెల్నాళ్ల నుంచీ పడుకుంటేనే ఊపిరాడట్లేదు."

ఇంతవరకూ ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు.

వకుళ దిండు ఎత్తుగా సర్ది, స్ట్రెచర్‌ని తనే వార్డు వైపు తిప్పింది.