పిలుపుకీ పలుకుకీ నడుమ

పరదేశి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని అప్పుడు మాట్లాడతారు. ఒక్కోసారి అప్పటికీ మాట్లాడరు. విజయనగరంలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్లంతా ఆ అలవాటును తిట్టుకున్న వాళ్లే. సుభాషిణి మరీ ఎక్కువ తిట్టుకుంది. ఇప్పుడామె అదే ఊళ్లో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెబుతోంది. కష్టం వస్తే మాత్రం ఆమెకు గుర్తొచ్చేది ఆయనే.

ఆ శనివారం ఫోన్ చేసింది కష్టం చెప్పుకోవడానికే. రోజూ కాలేజీకి రాలేని పిల్లల కోసం పెట్టిన ఆన్‌లైన్ తరగతిని ఆమెకు అప్పగించారు. తెర మీద పేర్లుంటాయి, మొహాలుండవు. ప్రశ్న వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు తానే చెప్పేసి, "అర్థమైంది కదా?" అంటూ ముందుకు పోతుంది. సరిగ్గా అప్పుడే ఎక్కడి నుంచో బరబరమని చప్పుడొస్తుంది. చిరాకుపడి అందరి మైకులూ ఒక్క నొక్కుతో మూసేస్తుంది. ఇది చూసి ప్రిన్సిపాల్, "ఎందుకమ్మా ఈ శ్రమ? పాఠాలు రికార్డు చేసి పెట్టేయండి, వీలున్నప్పుడు చూసుకుంటారు," అన్నారు. మంగళవారంలోగా ఏదో ఒక మాట చెప్పాలి. సరేనంటే ఇక పిల్లలతో మాటామంతీ ఉండదు.

నిజానికి ఆమెకు తరగతి గది మీద బెంగ పట్టుకుంది. వెనక బెంచీ గుసగుసలు, జవాబు తెలిసీ సిగ్గుపడి పక్కవాణ్ని మోచేత్తో పొడిచే కుర్రాడు, సుద్దముక్క పుటుక్కున విరిగితే లేచే నవ్వులు. ఒకప్పుడు వీటినన్నిటినీ గద్దించి అణిచింది తనే. ఇప్పుడు ఒక్క గొంతు "మేడమ్" అంటే చాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"వాళ్లసలు అక్కడ ఉంటున్నారంటారా మాస్టారూ?" అని అడిగింది.

అవతల కళ్లజోడు తుడుచుకున్నంత సేపు చడీచప్పుడూ లేదు. చివరికి, "రేపు పొద్దున ఇంటికి రా. కింద నుంచి కేకెయ్యి," అని పెట్టేశారు.

మాస్టారు ఉండేది మేడ మీది వాటాలో, ఒక్కరే. మోకాళ్లు పట్టేశాక మెట్లు దిగడం మానేశారు. ఎవరైనా వచ్చి పిలిస్తే, కింది గేటు తాళంచెవిని చిన్న బుట్టలో పెట్టి బాల్కనీ నుంచి తాడుతో దింపుతారు. చాలా కాలానికి వచ్చిన సుభాషిణికి ఈ ఏర్పాటు తెలియదు. గేటుకు తాళం చూసింది. "మాస్టారూ!" అని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచింది. ఎదురింట్లో కుక్కర్ కూత వేసింది గానీ మేడ మీద అలికిడి లేదు. రమ్మని చెప్పి ఎటో వెళ్లిపోయారన్నమాట. ఈయన కూడా పలకలేదు అనుకునేసరికి ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. విసవిసా నడిచి వీధి మలుపు దాకా వెళ్లిపోయింది.

ఆటో కోసం వెనక్కి తిరిగినప్పుడు కనిపించింది. ఖాళీ వీధి మీద, గాలిలో, ఒక బుట్ట వేలాడుతోంది. పైన మాస్టారు ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో పిట్టగోడ పట్టుకుని ఏదో అంటున్నారు. పెద్ద హాలు చివరి దాకా వినిపించిన ఆ గొంతు ఇప్పుడు వీధి మలుపు దాకా కూడా రావడం లేదు. సుభాషిణి పరుగెత్తుకుంటూ వచ్చి, తాళంచెవి తీసుకుని పైకి వెళ్లింది. ఆయన కుర్చీలో కూలబడి రొప్పుతున్నారు.

"ఇంట్లో లేరనుకున్నాను మాస్టారూ," అంది తప్పు చేసినదానిలా.

"నువ్వు పిలవగానే లేచానమ్మా."

కాఫీ కలపమని వంటింటి వైపు చూపించారు.

తిరిగి వస్తుంటే ఆ మాట ఆమెను వదల్లేదు. ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఉన్నట్టుండి ఆ బరబర గుర్తొచ్చింది. ఎవరో మైకు తెరిస్తే వచ్చే చప్పుడు కదా అది! తాను రోజూ నోరు మూయించింది దాన్నా? అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

సోమవారం తరగతిలో ఆమె అడిగింది: "పంట విరగపండిన ఏడాదే రైతు ఎందుకు ఏడుస్తాడు?" అడిగి ఊరుకుంది. జవాబు నాలుక చివరికొచ్చి తోసుకుంటోంది. పెదవి బిగబట్టింది. మంచినీళ్లు తాగింది. ఇక లాభం లేదనుకుంటుండగా బరబర వినిపించింది, దాని వెనకే మేక అరుపు, ఆ తర్వాత ఒక సన్నని గొంతు.

"మేడమ్... నీలవేణినండి. అందరిదీ ఒక్కసారే పండుతుంది కదండి, ఇంక కొనీవోళ్లెవరండి? పోయినేడు మా టమాటాలు గేదెలకి పెట్టీసినాం."

సుభాషిణికి గుండె నిండిపోయింది. "ఇంత బాగా చెప్పావే, ఇన్నాళ్లూ ఎందుకు పలకలేదు తల్లీ?"

"పలికీదాన్నండి. మాది పాత ఫోనండి. నా మైకు వచ్చీసరికి మీరే చెప్పీసీవోరు. మళ్లీ మూసీసీవోరు."

తన మొహం అందరికీ కనిపిస్తోందన్న ధ్యాస కూడా లేకుండా సుభాషిణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రికార్డింగు వద్దని ప్రిన్సిపాల్‌కు ఆ సాయంత్రమే చెప్పేసి, మాస్టారికి ఫోన్ చేసింది. జరిగినదంతా చెప్పింది. చెప్పీ చెప్పీ చివర్లో గొంతు తగ్గింది. "ఒక్క పిల్లే పలికింది మాస్టారూ. మిగతావాళ్లు..."

ఆయన అలవాటు ప్రకారం చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి సుభాషిణి హలో అనకుండా కాచుకుంది.

"ఆ పిల్ల పలకడం వాళ్లంతా విన్నారుగా," అన్నారు మాస్టారు.