గింజంత బెజ్జం

ఈ కథ నాకు చెప్పినవారు మార్తమ్మగారు. సముద్రానికి అవతల ఉన్న ఒక దేశంలో ఇరవై రెండేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి, విరమణ తర్వాత మా వీధిలో స్థిరపడ్డారు. ఆమెకు చెప్పినది అక్కడ ప్రసవానికి వచ్చిన ఒక స్త్రీ. మూడు రోజులు నొప్పులు పడిందట. రెండవ రోజు ఉదయం కథ మొదలుపెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా ఆపుతూ, మూడవ రోజు ముగించిందట.

అది ఏ దేశమని అడిగాను. "పేరు చెబితే అది వాళ్ల గొడవ అనుకుని ఊరుకుంటారండీ. వద్దులెండి" అన్నారు. ఆ స్త్రీ ఊటలు అని చెప్పిందనీ, వార్డులో తాను చూసినవి మాత్రం ఊటలు కావనీ అన్నారు. అంతకు మించి వివరించలేదు. నేనూ విన్న వరుసలోనే చెబుతాను.

రాళ్ల కొండల నడుమ ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో ఆడపిల్ల పుట్టిన రోజునే ఆ ఇంటి పెరట్లో ఒక ఊట పుట్టేది. పిల్లకూ ఊటకూ ఒకటే ప్రాణం.

పిల్లకు ఏడో ఏడు రాగానే రాతి అవ్వ వచ్చేది. ఉలితో ఊట అంచును చెక్కి తీసేసి, దాని నోటికి ఒక రాయి పెట్టి, చుట్టూ సున్నం మెత్తేది. రాతికి ఒక చిన్న బెజ్జం ఉండేది. ఎంత బెజ్జమో ఊరి విత్తనాల పెట్టె కాచే గింజల పెద్ద నిర్ణయించేవాడు. గింజ పంపేవాడు, అవ్వ దాన్ని కొంగున ముడి వేసుకుని వచ్చి, ఆ కొలతకే రాతిని తొలిచేది. మగవాళ్లు పెరట్లోకి రాకూడదు గనుక గింజల పెద్ద తన జన్మలో ఒక్క ఊటనూ చూడలేదు.

ఆ రోజు కొత్త గాజులు, పాయసం, డప్పులు. డప్పులు పిల్ల అరుపు వినబడనంత గట్టిగా మోగేవి. మూత లేని ఊట గల పిల్లను ఎవరూ పెళ్లాడరు. కుండల దగ్గర ఆడవాళ్లు తగువుపడితే, "ఛీ, మూతలేనిదానా!" అన్నాక ఇక తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

కొందరు పిల్లలు ఆ రోజే నెత్తురు ఆగక పోయేవారు. దిష్టి తగిలిందనేవారు. మిగిలినవారి ఊటలు బొట్టుబొట్టుగా కారేవి. లోపల నిలిచిన నీరు మురిగి, జ్వరాలు వచ్చేవి. కాన్పు వేళ ఊట ఒక్కసారిగా పొంగాలి. రాయి కదిలేది కాదు. అప్పుడు బిడ్డో, తల్లో, ఇద్దరూనో పోయేవారు. బతికిన కొందరి ఊటలకు గోడలు చీలి, నీరు రాత్రింబవళ్లు కారిపోయేది. వాసన వస్తోందని వాళ్లను ఊరి చివర గుడిసెలకు పంపేవారు.

ఇలా ఎవరైనా పోయినప్పుడల్లా గింజల పెద్ద ఒకే మాట అనేవాడు: "బెజ్జం పెద్దదైంది." మరుసటి పిల్లకు ఇంకాస్త చిన్న గింజ పంపేవాడు.

రాతి అవ్వకు ఇద్దరు కూతుళ్లు. ఇద్దరి ఊటలకూ తానే రాయి పెట్టింది. పెద్ద కూతురు తొలి కాన్పులో పోయింది. చిన్న కూతురు పుట్టింట్లోనే ఉంటోంది; ఆమె పిల్లకు ఇప్పుడు ఏడో ఏడు. అవ్వ ఉలి పట్టుకుని ఆ పెరట్లోకి వచ్చేసరికి, కూతురు తన ఊట దగ్గర కుండ పెట్టుకుని కూర్చుని ఉంది.

"నిండిందా?" అంది అవ్వ.

"నిండుతుందిలే అమ్మా. తెల్లారగట్ల కూర్చున్నాను, మధ్యాహ్నానికి నిండకపోతుందా? నా సంగతి ఎందుకిప్పుడు? దీని రాయి మాత్రం గట్టిగా పెట్టు. రేపు ఎవరూ నా పిల్లను వేలెత్తి చూపకూడదు."

మనవరాలు కొత్త గాజులు గలగలలాడిస్తూ వచ్చి అవ్వ కొంగు పట్టుకుంది. "ఏం తెచ్చావు అమ్మమ్మా? తినేదేనా?"

"తినేది కాదే పిచ్చిదానా" అని అవ్వ ముడి విప్పింది. పాత గింజలు కూడా అందులోనే ఉన్నాయి. పిల్ల వాటిని రాతి మీద వరసగా పేర్చింది.

"ఇది జొన్న. నాకు తెలుసు. తర్వాత సజ్జ ఎందుకు?"

"ఒక పిల్ల జ్వరంతో పోయింది."

"రాగి గింజ?"

"మీ పెద్దమ్మ పోయింది."

"ఆవగింజ?"

"ఇద్దరు పోయారు. కవలలు."

పిల్ల చివరి గింజను వేలి కొనకు అంటించుకుని చూసింది. అది గసగసాల గింజ. "ఇది నాదా? మరి నేను పోతే ఏం తెస్తావు అమ్మమ్మా? దీనికంటే చిన్నది మన ఊళ్లో పండదుగా!"

బయట డప్పులు మొదలయ్యాయి. అవ్వ ఉలి కింద పెట్టి, పిల్ల వేలి మీది గింజను తీసుకుని, గింజల పెద్ద అరుగు దగ్గరకు నడిచింది.

"దీనికంటే చిన్నది ఇవ్వు" అంది.

"ఎందుకు? ఈ పిల్లకు ఇది చాలదూ?"

"ఈ పిల్ల పోయాక వచ్చే పిల్లకు. మళ్లీ తిరగలేను, వయసైపోయింది. ఇప్పుడే ఇచ్చెయ్యి."

అతడు గింజల పెట్టె అంతా వెతికాడు. "లేదు" అన్నాడు. పెట్టె మూసి, "అప్పుడిక బెజ్జమే అక్కర్లేదు" అన్నాడు.

అవ్వ గసగసాల గింజను అతడి అరచేతిలో పెట్టి వచ్చేసింది.

కూతురు పెరటి గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకుంది. "నా పిల్ల గొంతు కోశావు కదే అమ్మా! దీన్నిప్పుడు ఎవరు చేసుకుంటారు?"

"నీ కుండ నిండిందా?" అంది అవ్వ.

ఇక ఎవరెవరు ఏమయ్యారో చెప్పాలి. అవ్వను ఊరి చివరకు పంపారు. చీలిన ఊటల ఆడవాళ్ల మధ్య, వాళ్ల బట్టలు ఉతుకుతూ ఆరేళ్లు బతికి పోయింది. మనవరాలిని పొరుగు కొండ వాడొకడు చేసుకున్నాడు. ఆమె కాన్పు నాడు నీరు గట్టు దాటి పొంగింది; బిడ్డ కెవ్వుమంది. పక్కనే ఉన్న ఆమె తల్లి, అవ్వ చిన్న కూతురు, ఆ నీటిలో చెయ్యి పెట్టి, "ఇంత చల్లగా ఉంటుందా?" అంది. మరుసటి వేసవిలో, తన ఊటలో నీరు వెనక్కి తన్ని, ఒళ్లంతా ఉబ్బి ఆమె కన్నుమూసింది. గింజల పెద్ద అదే అరుగు మీద ఉన్నాడు. ఉలిని ఇంకొకామె తీసుకుంది. ఆమె దాన్ని మరిగే నీళ్లలో కడుగుతుంది, చేతులకు తొడుగులు వేసుకుంటుంది, నొప్పి తెలియకుండా మందు రాస్తుంది. రాయి మాత్రం పాతదే.

గసగసాల గింజ వృథా పోలేదు. అది మనవరాలి పక్కింట్లో, అదే ఈడు పిల్లకు పడింది. మార్తమ్మగారికి ఈ కథ చెప్పినది ఆమే.

మూడవ రోజు సాయంత్రం ఆమె పోయింది. బిడ్డ దక్కింది. ఆడపిల్ల. మార్తమ్మగారే స్నానం చేయించి, గుడ్డలో చుట్టి, ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ చేతుల్లో పెట్టారు. నాయనమ్మ చాలా మంచి మనిషట. ఏడుస్తూనే బిడ్డను ముద్దాడిందట. ఆమె కొంగుకు ఒక చిన్న ముడి ఉంది. అందులో ఏముందని మార్తమ్మగారు అడగలేకపోయారు.