ద్వారపాలకుడి మెడ మీద కుట్టు

ఒకానొక రాజ్యంలో రాజుకు తన అధికారం స్వర్గం దాకా చెల్లుతుందని గట్టి నమ్మకం. ఆ రాజ్యం పేరు మణిగిరి, రాజు పేరు ఉద్దండరాయలు. మనిషి చెడ్డవాడు కాదు. పంటలు పోయిన ఏడు పన్ను తగ్గించాడు. ఆకలన్నవాడిని కోట గుమ్మం నుంచి ఉత్త చేతులతో పంపింది లేదు. కాకపోతే తను చెప్పిన మాటకు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించి తలూపితే మాత్రం ఒళ్ళు మండేది.

"ఆలోచన నీకెందుకయ్యా? అది నేను చేశాను కదా!" అనేవాడు.

ఏటా రాజు పుట్టినరోజున కోటలో తోలుబొమ్మలాట ఆడడం అక్కడి ఆనవాయితీ. కథ ఏదైనా సరే, చివరికి రాజుగారి బొమ్మను తెర మీదికి తేవాలి. స్వర్గద్వారం దగ్గర దేవదూత దానికి దండం పెట్టి, "ఇంతటివారు ముల్లోకాల్లో లేరు" అనాలి. ఆట మొత్తం కునుకు తీసినా ఆ ఘట్టానికి మాత్రం రాజు కళ్ళు తెరిచేవాడు.

ఆ ఏడు ఆట సుంకమ్మ మేళానిది. నాలుగు తరాల నుంచి వస్తున్న బొమ్మలు ఆమెవి. తాత గీసిన గీత, తండ్రి అద్దిన రంగు, ఒక్కొక్కటీ మనిషంత ఎత్తు. ఆటకు నాలుగు రోజుల ముందు కథను సభలో వినిపించాలి కాబట్టి ఆమె వచ్చి చెప్పింది.

స్వర్గద్వారం కాచే హేమకంఠుడనే దేవదూత కథ అది. పాపం అంటినవారిని లోపలికి రానివ్వద్దని ఇంద్రుడి ఆజ్ఞ. ఒకనాడు ఒక ముసలమ్మ వచ్చింది. మనవరాలి ఆకలి చూడలేక ఒకరి కళ్ళంలోంచి దోసెడు గింజలు తీసిందట. హేమకంఠుడు చాలాసేపు ఆలోచించాడు. చివరికి తలుపు ఓరగా వదిలి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తరవాత తానే ఇంద్రుడి దగ్గరకు వెళ్ళి, "నేనే పంపాను, శిక్ష వేయండి" అన్నాడు.

ఆస్థాన పండితుడు సోమయాజి చివ్వున లేచాడు. "అపచారం! దేవదూతకు సొంత బుద్ధి ఎక్కడిది? వాడు ఇంద్రుడి చేతివంటివాడు. చెయ్యి ఎక్కడైనా ఎదురు తిరుగుతుందా?"

రాజుకు ఆ మాట బాగా నచ్చింది. "నిజమే. స్వర్గంలో కాపలావాడే ఆలోచించడం మొదలుపెడితే రేపు నా కోట కాపలావాడు ఏం చేస్తాడు? ఆ బొమ్మలన్నీ తగలబెట్టండి. మేళాన్ని పొలిమేర దాటించండి."

సుంకమ్మ బొమ్మల మూట మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

సభలో దేచయ్య అనే సలహాదారు ఉన్నాడు. మాటకారి అని పేరే గానీ ఇంటి దగ్గర మహా బెంగమనిషి. ఆయన మెల్లగా లేచాడు.

"ప్రభూ, ఆటకు ఇంకా నాలుగు రోజులుంది. దేవదూతకు సొంత బుద్ధి లేకుండా కథ మారుస్తాం. తమకు నచ్చకపోతే అప్పుడు కాల్చవచ్చు. బొమ్మలు ఎక్కడికి పోతాయి?"

"తల ఎత్తకూడదు. పక్కకు తిప్పకూడదు. దండం పెట్టాలి, పొగడాలి, అంతే" అన్నాడు రాజు.

"చిత్తం. మెడ కుట్టించేస్తాను."

మాటైతే ఇచ్చాడు గానీ ఏం చేయాలో దేచయ్యకు తోచలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాటి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పెద్దకూతురు భద్ర వంటింట్లో నువ్వులుండ పట్టుకుని కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల. చిన్నది పెరట్లో ఆడుకుంటోంది. మామూలుగా అయితే దేచయ్య గుమ్మంలోంచే "చెల్లికి సగం పెట్టమ్మా" అనేవాడు. రోజుకు పదిసార్లు చెప్పే మాటే. ఆవేళ ఎందుకో నోరు మూసుకుని తలుపు చాటున నిలబడ్డాడు.

పిల్ల ఉండను అటు తిప్పింది, ఇటు తిప్పింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఓ పక్క కొరికింది. ఇంకోసారి కొరకబోయి ఆగింది. పెద్దగా నిట్టూర్చి, మిగిలింది పట్టుకుని పెరట్లోకి నడిచింది. "ఇదిగో, నీది" అని చెల్లెలి చేతిలో పెట్టింది.

దేచయ్య కళ్ళు చెమర్చాయి. వెనక నుంచి భార్య తిమ్మాంబ నవ్వింది. "తలుపు చాటున పిల్లల్ని కాపు కాస్తున్నారా? సభలో చూస్తే అంత పెద్దమనిషి!"

"అది చెల్లికి పెట్టింది తిమ్మాంబా. నేను చెప్పలేదు."

"రోజూ పెడుతూనే ఉందిగా?"

"రోజూ పెడుతున్నది నేను. ఇవాళ అది పెట్టింది" అన్నాడు దేచయ్య. ఆ మాట తన చెవిన పడగానే గబగబా చెప్పులు తొడుక్కుని సుంకమ్మ బస వైపు నడిచాడు.

పుట్టినరోజు నాడు దీపాలు పెట్టే వేళకు కోటలో తెర కట్టారు. ద్వారం దగ్గర హేమకంఠుడు నిలబడ్డాడు. మెడ, నడుము, మోచేతులు గట్టిగా కుట్టేసి ఉన్నాయి. చేతులు జోడించి వంగి ఉండడం తప్ప వాడికి వేరే పని లేదు.

మొదట ముసలమ్మ వచ్చింది. హేమకంఠుడు వంగి, "ఇంతటివారు ముల్లోకాల్లో లేరు" అన్నాడు. తెర వెనక సుంకమ్మ గొంతు అది. రాజు సంతోషంగా తలపంకించాడు.

తరవాత చంకలో కోడితో ఒక దొంగ వచ్చాడు. హేమకంఠుడు వంగి, "ఇంతటివారు ముల్లోకాల్లో లేరు" అన్నాడు. జనంలో కిసకిస మొదలైంది.

ఆపైన ఒక గాడిద వచ్చింది. దానికీ అదే దండం, అదే మాట. గాడిద ఓండ్రపెట్టి లోపలికి వెళ్ళింది. అప్పుడు కిరీటంతో రాజుగారి బొమ్మ వచ్చింది. హేమకంఠుడు వంగి, "ఇంతటివారు ముల్లోకాల్లో లేరు" అన్నాడు.

సభ గొల్లుమంది. రాజు ముఖం కందగడ్డ అయింది.

"దేచయ్యా! గాడిదకు పెట్టిన దండమే నాకూ పెడతాడా?"

"లేదు ప్రభూ. గాడిదకు కాస్త ముందు పెట్టాడు. వరసలో అది ముందుంది."

"వాడికి కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి ప్రభూ, మెడే లేదు. తల ఎత్తితే కదా ఎవరొచ్చారో చూసేది?"

సోమయాజి ఊరుకోలేక అందుకున్నాడు. "దేవదూత నోట అబద్ధం రాదు. ఆ స్తుతి సత్యం."

"గాడిద సంగతి కూడానా పండితులవారూ?" అన్నాడు దేచయ్య. సోమయాజి ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు.

దేచయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, పెట్టకుండా ఉండగలిగినవాడు పెడితేనే అది దండం. మిగతాది కుట్టు పని."

రాజు తెర మీద వంగి ఉన్న బొమ్మను చూసి, "ఆ కుట్లు విప్పండి" అన్నాడు.

సుంకమ్మ పంటితో దారం కొరికింది. మెడ కీలు వదులైంది, నడుము ఆడింది. రాజుగారి బొమ్మ మళ్ళీ ద్వారం దగ్గరకు వచ్చింది. హేమకంఠుడు తల ఎత్తాడు. రాజుగారి బొమ్మను కింది నుంచి పై దాకా చూశాడు. దండం మాత్రం పెట్టలేదు.

రాజు ఆసనంలో ముందుకు జరిగాడు. "ఏం, ఎందుకాలస్యం?"

"ఆలోచిస్తున్నాడు ప్రభూ" అన్నాడు దేచయ్య.

హేమకంఠుడు నోరు విప్పాడు. "మారాజా, తమ గురించి మంచి మాటలే విన్నాను. పంట పోయిన ఏడు పన్ను తగ్గించారట. ఒక్కటే నాకు తెగడం లేదు. తమ కోటలో ఒక ఆడమనిషి నాలుగు రోజులుగా బొమ్మల మూట పక్కనే పడుకుంటోంది. కాలుతాయో మిగులుతాయో తెలియక ముద్ద మింగడం లేదు. ఆమె సంగతి ఏం చేశారు?"

ఈ మాటలు దేచయ్య రాసివ్వలేదు. దండం కొంచెం ఆలస్యంగా పెట్టమన్నాడు, అంతే. అయిపోయింది, బొమ్మలతో పాటు సుంకమ్మ కూడా పోయినట్టే, ఈ పాపం నాదే అనుకున్నాడు.

రాజు తెర వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. జవాబు చెప్పే ముందు ఆయన ఆలోచించడం సభ చూడడం అదే మొదటిసారి.

"బొమ్మలు కాల్చేది లేదు. మేళం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు" అన్నాడు చివరికి. ఆగి, "ఇది దండం కోసం చెప్పడం లేదు హేమకంఠా. నువ్వు పెట్టకపోయినా మాట మాటే" అన్నాడు.

తెర మీద తోలుబొమ్మ ఇంకా కొంతసేపు నిలబడింది. అప్పుడు నెమ్మదిగా చేతులు జోడించి, నడుము దాకా వంగింది. పొగడ్త మాత్రం చెప్పలేదు.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సభంతా పాకింది. సోమయాజి కూడా, తప్పదన్నట్టు, కొంచెం నవ్వాడు.

సుంకమ్మ తెర వెనక నుంచి వచ్చి నిలబడితే రాజు అడిగాడు. "నిజం చెప్పు. బొమ్మల్ని కాల్చాల్సిందేనని నేనంటే దండం పెట్టించేదానివా?"

"తెలియదు మారాజా. బొమ్మను ఆడించే పుల్ల పట్టుకున్న చెయ్యి నాదే గానీ, అది తమ మాట కోసమే ఆగిపోయింది."

రాజు మేళానికి ఏటా పది బండ్ల ధాన్యం ఇప్పించాడు. దేచయ్యకు పట్టుశాలువా కప్పి, బంగారు కంకణం తొడిగాడు. "కానీ దేచయ్యా, నా కొలువులో వాళ్ళు కూడా ఇలా ఆలోచించడం మొదలుపెడితే?"

"ఎప్పటినుంచో ఆలోచిస్తున్నారు ప్రభూ. ఆలోచించాకే తమ దగ్గర ఉన్నారు."

ఆ తరవాత ఏటా పుట్టినరోజుకు హేమకంఠుడి ఆటే ఆడించమని రాజు పట్టుబట్టేవాడు. ఈసారి వాడు ఏం అడుగుతాడో, దండం పెడతాడో లేదో సుంకమ్మ ముందుగా ఎవరికీ చెప్పేది కాదు. అందుకేనేమో, ఆట ఇంకా నెల రోజులుందనగానే మణిగిరి కోటలో జనం పెట్టుకున్న అర్జీలు చకచకా తెమిలిపోయేవి.